మదనపల్లె గురువు జేమ్స్ కజిన్స్

రాయలసీమ దక్షిణపు కొసన, మైసూరు పీఠభూమి తెలుగునేలను తాకే చోట, మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలు నెలకొని ఉన్నాయి. తెలుగు, తమిళ, కన్నడ భాషలు ఒకే సంతలో వినవచ్చే సీమ ఇది. ఒక భాషలో బేరమాడి, మరొక భాషలో హాస్యమాడి, మూడవ భాషలో వీడ్కోలు చెప్పడం ఇక్కడివారికి వింత కాదు. ద్రావిడ భాషలన్నింటినీ ఒక గొడుగు క్రిందికి తెచ్చే ఆశయంతో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని కుప్పంలో నెలకొల్పడానికి ఈ భౌగోళిక స్వభావమే కారణం. పొరుగువాని పలుకును పరాయి పలుకుగా ఎంచని ఈ నేలమీద, సముద్రాల కావల నుండి వచ్చిన ఒక కవి తన జీవితంలో గణనీయమైన భాగాన్ని గడిపాడు. ఆయన పేరు జేమ్స్ హెన్రీ కజిన్స్. పుట్టుకచేత ఐర్లండు దేశీయుడు, స్వభావం చేత కవి, వృత్తిచేత ఉపాధ్యాయుడు. ఆయన పేరు ముందు నిలిచిన 'డాక్టర్' బిరుదు మాత్రం జపాన్ దేశం ఇచ్చినది.

కజిన్స్ 1873 జూలై 22వ తేదీన బెల్ ఫాస్ట్ నగరంలో జన్మించాడు. ఆయన కుటుంబం సంపన్నమైనది కాదు; క్రైస్తవంలోని మెథడిస్టు శాఖకు చెందినది. క్రమమైన ఉన్నత విద్య ఆయనకు లభించలేదు. పగలు గుమాస్తాగా పనిచేస్తూ, రాత్రి పాఠశాలల్లో చదువుకుంటూ తనను తానే తీర్చిదిద్దుకున్నాడు. కొంతకాలం బెల్ ఫాస్ట్ నగర మేయరు సర్ డేనియల్ డిక్సన్ కు ఆంతరంగిక కార్యదర్శిగా ఉండి, ఆయన ఉపన్యాసాలు వ్రాసిపెట్టాడు. ఇతరుల నోట తన మాటలు వినవలసిన ఆ ఉద్యోగం కవిహృదయానికి ఎంతకాలం సరిపడుతుంది? 1897లో డబ్లిన్ నగరానికి తరలిపోయాడు.

అప్పటి డబ్లిన్ ఒక సాంస్కృతిక పునరుజ్జీవనానికి కేంద్రం. ఆంగ్లేయుల పాలనలో మరుగునపడిన ఐరిష్ పురాగాథలను, జానపద గీతాలను వెలికితీసి నాటకాలుగా, కావ్యాలుగా మలచడానికి కవులు నడుము కట్టిన కాలమది. డబ్ల్యు. బి. యేట్స్, జార్జి రస్సెల్, జేమ్స్ జాయిస్ వంటివారితో కజిన్స్ కు పరిచయం కలిగింది. ఆయన నాటకాలు వ్రాశాడు, నటించాడు, కవితా సంపుటాలు వెలువరించాడు. యేట్స్ తో అభిప్రాయభేదాలు ఏర్పడినందువల్ల నాటకరంగంలో నిలదొక్కుకోలేకపోయినా, అక్కడ నేర్చుకున్న ఒక విషయం ఆయనను జీవితాంతం వెన్నంటి వచ్చింది. పరాయి పాలనలో ఉన్న జాతి మొదట తన కథలను, పాటలను, ఆటలను తిరిగి సంపాదించుకోవాలనేదే ఆ విషయం. 1905 మొదలు కొన్నేళ్లు డబ్లిన్ లోని ఒక ఉన్నత పాఠశాలలో ఆంగ్లమూ, భూగోళమూ బోధించాడు.

1903లో ఆయన మార్గరెట్ గిల్లెస్పీని వివాహమాడాడు. ఆమె సంగీతంలో పట్టభద్రురాలు. స్త్రీలకు ఓటుహక్కు కావాలని ఉద్యమించి, ఇంగ్లండులోనూ ఐర్లండులోనూ కారాగారవాసం చేసిన ధీర. దంపతులిద్దరూ శాకాహారులు, ఇద్దరూ దివ్యజ్ఞాన సమాజపు బోధలపట్ల ఆకర్షితులైనవారు. ఆ సమాజానికి అధ్యక్షురాలైన అనీబిసెంటు ఆహ్వానం మేరకు 1915లో వారు మద్రాసు చేరుకున్నారు. ఆమె నడిపే 'న్యూ ఇండియా' పత్రికలో కజిన్స్ సాహిత్య విభాగపు బాధ్యతలు స్వీకరించాడు. ఆ ఉద్యోగం ఎక్కువ కాలం నిలవలేదు. 1916లో డబ్లిన్ లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటును ప్రశంసిస్తూ ఆయన వ్రాసిన వ్యాసం ప్రభుత్వానికి కంటగింపయింది. పత్రికను కాపాడుకోవడానికి అనీబిసెంటు ఆయనను తొలగించక తప్పలేదు. అయితే ఆయనను వీథిన వదలలేదు. మదనపల్లె కళాశాలకు పంపింది.

జిడ్డు కృష్ణమూర్తి 1895లో జన్మించిన ఊరు మదనపల్లె. కడప జిల్లాలో ఉండిన ఈ ప్రాంతం 1911లో క్రొత్తగా ఏర్పడిన చిత్తూరు జిల్లాలో చేరింది. 1915లో ఇక్కడ దివ్యజ్ఞాన కళాశాల వెలసింది. చుట్టుకొండల నడుమ, చల్లని గాలి వీచే ఈ చిన్న పట్టణంలో కజిన్స్ ఆంగ్ల సాహిత్యం బోధించడం ప్రారంభించి, 1918 నాటికి ప్రధానాచార్యుడయ్యాడు. హోంరూల్ ఉద్యమపు వేడిలో విద్యార్థులకూ ప్రభుత్వానికీ పొత్తు చెడగా, మద్రాసు విశ్వవిద్యాలయంతో కళాశాలకు గల అనుబంధం తెగిపోయింది. అడయారులో నెలకొల్పబడిన జాతీయ విశ్వవిద్యాలయం దానిని చేరదీసింది. ప్రభుత్వ గుర్తింపు లేని పట్టాకు కొలువులు దొరకవు. ఆ సంగతి తెలిసి కూడా కళాశాలలో నిలిచిన విద్యార్థులకు కజిన్స్ గురువు. ఉద్యోగానికి పనికిరాని చదువు మరి దేనికి పనికివస్తుందో చూపవలసిన భారం ఆయనమీద పడింది.

ఆ జాతీయ విశ్వవిద్యాలయానికి కులపతి రవీంద్రనాథ ఠాకూరు. దక్షిణదేశ పర్యటనలో అలసిన ఆయన 1919 ఫిబ్రవరిలో విశ్రాంతికై మదనపల్లె వచ్చాడు. కళాశాలలో ప్రతి బుధవారం రాత్రి భోజనానంతరం మార్గరెట్ విద్యార్థులనూ అధ్యాపకులనూ ఒకచోట చేర్చి పాటల గోష్ఠి జరిపేది. అది పాఠం కాదు, పరీక్ష అంతకంటె కాదు. వచ్చినవారు వచ్చిన పాట పాడవచ్చు. ఒక బుధవారం విశ్వకవి ఆ గోష్ఠికి తానై వచ్చి, 1911లో కలకత్తా కాంగ్రెసు సభలో మొదటిసారి ఆలపించబడిన 'జనగణమన' గీతాన్ని పాడి వినిపించాడు. వంగభాష రాని పిల్లలు మొదటి చరణానికి చెవులు రిక్కించారు, రెండవ చరణానికి గొంతు సవరించుకున్నారు, కొద్దిసేపటికే పల్లవి అందుకొని బిగ్గరగా పాడసాగారు. తరువాతి రోజులలో మార్గరెట్ ఆ రాగాన్ని స్వరలిపిలో నిబంధించగా, రవీంద్రుడు ఫిబ్రవరి 28న ఆ గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించి ఇచ్చాడు. 1950 జనవరి 24న జాతీయగీతంగా స్వీకరించబడిన పాటకు, మదనపల్లె పిల్లల వినోదగోష్ఠికి గల బంధం ఇది. దూరదేశపు పాటను అర్థం చెప్పి నేర్పనక్కరలేదనీ, ముందు నోటికి పట్టిస్తే అర్థం తానే వెదుక్కుంటూ వస్తుందనీ ఆ రాత్రి ఋజువైంది.

అదే సంవత్సరం కజిన్స్ కు జపాన్ నుండి పిలుపు వచ్చింది. టోక్యోలోని కెయియో విశ్వవిద్యాలయంలో ఆధునికాంగ్ల కవిత్వం బోధించే ఆచార్యపదవి అది. 1858లో ఫుకుజావా యుకిచి స్థాపించిన ఆ విద్యాలయం పాశ్చాత్య విద్యకు జపాన్ లో తొలి ద్వారాలలో ఒకటి. ఆంగ్లంలో కవిత్వం వ్రాసి అమెరికాలోనూ ఇంగ్లండులోనూ పేరుగాంచిన యోనే నొగుచి అక్కడ ఆచార్యుడు. భారతదేశంలో నివసించే ఐర్లండు కవి, జపాన్ విద్యార్థులకు ఇంగ్లండు కవిత్వం బోధించడం తలచుకుంటే చిత్రంగా తోస్తుంది.

1919-20 నాటి జపాన్ రెండు కాలాలు కలిసిన దేశం. ఒక ప్రక్క ఉక్కు కర్మాగారాలు, యుద్ధనౌకలు, విద్యుద్దీపాల వీథులు. మరొక ప్రక్క కాగితపు తలుపుల ఇండ్లు, తేనీటి సంప్రదాయం, నో నాటకం. బాలల విద్యలోనూ అప్పుడే పెద్ద కదలిక వచ్చింది. 1918లో సుజుకి మియెకిచి 'అకాయి తోరి', అనగా 'ఎర్రని పిట్ట', అనే బాలల పత్రికను ప్రారంభించి, గొప్ప రచయితలచేత పిల్లల కథలూ పాటలూ వ్రాయించాడు. అంతవరకు బడులలో చిత్రలేఖనమంటే నమూనా పుస్తకంలోని బొమ్మను ఉన్నది ఉన్నట్లు దింపడమే. యమమోతో కనాయె అనే చిత్రకారుడు ఆ పద్ధతిని నిరసించి, పిల్లవాడు తాను చూచినదాన్ని తనకు తోచినట్లు గీయాలని వాదించి, 1919లో నాగానో ప్రాంతంలోని ఒక పల్లెబడిలో పిల్లల స్వేచ్ఛాచిత్రాల ప్రదర్శన జరిపించాడు. కజిన్స్ టోక్యో చేరిన సంవత్సరమే ఈ ప్రదర్శన జరగడం గమనింపదగినది.

ఆ దేశంలో పండుగలే పిల్లలకు పాఠాలు. మార్చి 3న ఆడపిల్లల కోసం జరిపే హినమత్సురి పండుగను తెలుగువారెవరైనా చూస్తే తమ ఇంటి బొమ్మల కొలువే అనుకుంటారు. మెట్లుమెట్లుగా వేదిక అమర్చి, ఎర్రని వస్త్రం పరచి, పై మెట్టున చక్రవర్తి దంపతులను, క్రింది మెట్టున ముగ్గురు పరిచారికలను, ఆపైన ఐదుగురు వాద్యకారులను వరుసగా నిలుపుతారు. పండుగ ముగియగానే బొమ్మలను ఎత్తి భద్రపరచకపోతే ఆ ఇంటి పిల్లకు పెండ్లి ఆలస్యమవుతుందని నమ్మకం. మన ముత్తవ్వలు వింటే నిజమేనని తల ఊపేవారు. మే 5న మగపిల్లల పేరిట గుడ్డతో చేసిన చేపబొమ్మలను ఎత్తైన కొయ్యలకు కడతారు. గాలికి అవి నీటికి ఎదురీదుతున్నట్లు కదలాడుతాయి. ఏటికెదురీది జలపాతమెక్కిన చేప డ్రాగన్ గా మారిందనే చైనా కథ దీనికి మూలం.

క్రొత్త సంవత్సరం నాడు ఆడే ముక్కల ఆట ఇంకా రమ్యమైనది. పదమూడవ శతాబ్దంలో ఫుజివర నొ తెయికా అనే కవి నూరుగురు కవుల నుండి ఒక్కొక్క పద్యం చొప్పున ఏరికూర్చిన సంకలనం దీనికి ఆధారం. ఒక్కొక్కటి ముప్పది ఒక్క అక్షరాల పద్యం. ఒకరు పద్యపు పూర్వభాగాన్ని చదవడం ప్రారంభించగానే, ఉత్తరభాగం వ్రాసి ఉన్న ముక్కను చాపమీది గుట్టలోంచి ఎవరు ముందుగా చేజిక్కించుకుంటే వారిది గెలుపు. మొదటి అక్షరం వినగానే చేయి చాచగల పిల్లలున్నారు. ఏడువందల ఏండ్ల నాటి కవిత్వం ఆ విధంగా వారి వ్రేళ్ల కొసలకు చేరింది. మన పిల్లలకు వేమన పద్యాలు ఇటువంటి ముక్కల ఆటగా అందివుంటే, శతకాలను వల్లెవేయించడానికి బెత్తం అవసరమై ఉండేది కాదు. ఇక కాగితం మడిచి కొంగలను, కప్పలను చేసే ఒరిగామి గురించి వేరుగా చెప్పనక్కరలేదు. వానకాలంలో కాగితపు పడవ చేసి వదలిన ప్రతి తెలుగు బాలుడూ ఆ విద్యలో మొదటి పాఠం చదివినవాడే.

జపాన్ పిల్లల బొమ్మలలో దరుమ అనే గుండ్రని బొమ్మ ఒకటుంది. ఎటు పడదోసినా లేచి నిలుచుంటుంది. మన తంజావూరు బొమ్మకు తమ్ముడని చెప్పవచ్చు. కోరిక కోరుకొని దాని ఒక కంటికి నల్లరంగు దిద్దుతారు; కోరిక నెరవేరిన తరువాతనే రెండవ కంటికి చూపు. ఆ దరుమ మరెవరో కాదు, దక్షిణ భారతం నుండి చైనాకు వెళ్లి ధ్యానమార్గాన్ని బోధించిన బోధిధర్ముడే. ఆయన కాంచీపుర రాజకుమారుడని మన సంప్రదాయం చెబుతుంది. చిత్తూరు సీమకు కంచి ఎంత దూరం? అట్లే వీణాపాణియైన మన సరస్వతి అక్కడ బివా అనే తంత్రీవాద్యాన్ని ధరించి బెంజయితెన్ అనే పేరుతో పూజలందుకొంటున్నది. దేశాలమధ్య నడిచిన చరిత్ర శాసనాలలోనే గాక ఆటబొమ్మలలో కూడా దాగి ఉంటుంది.

కెయియోలో కజిన్స్ చేసిన ఉపన్యాసాలు తరువాత గ్రంథరూపం దాల్చాయి. ఆ విశ్వవిద్యాలయం ఆయనను సాహిత్యాచార్య బిరుదంతో గౌరవించింది. రాత్రిబడిలో చదువుకొన్న బెల్ ఫాస్ట్ గుమాస్తాకు స్వదేశం ఇవ్వని పట్టాను ఆసియా ఖండపు తూర్పుకొస ఇచ్చింది. 1920లో ఆయన తిరిగి మదనపల్లె చేరాడు. 1922లో 'ది కల్చరల్ యూనిటీ ఆఫ్ ఏషియా', 1923లో 'ది న్యూ జపాన్' అనే గ్రంథాలను ప్రకటించాడు. 1901-02లో భారతదేశానికి వచ్చిన ఒకకురా కకుజో ఆసియా ఖండం సాంస్కృతికంగా ఒక్కటేనని ప్రతిపాదించాడు. కజిన్స్ ఆ భావాన్ని స్వీకరించి, కళలో, మతంలో, జీవన విధానంలో దాని ఆనవాళ్లను వెదికాడు.

ఈ సిద్ధాంతంలో ఒక బలహీనత లేకపోలేదు. కళను చూచే కన్ను కత్తిని చూడక విడిచిపెట్టే ప్రమాదముంది. కజిన్స్ జపాన్ కు వెళ్లిన 1919లోనే, 1910 నుండి జపాన్ ఏలుబడిలో ఉన్న కొరియా ప్రజలు స్వాతంత్ర్యం ప్రకటించుకోగా, ఆ ఉద్యమాన్ని కఠినంగా అణచివేశారు. 1916లో జపాన్ వెళ్లిన రవీంద్రుడు అక్కడి సౌందర్యదృష్టిని మెచ్చుకొంటూనే, దురభిమానంతో కూడిన జాతీయతను ఆ గడ్డమీదనే నిలబడి విమర్శించాడు. ఇంగ్లండు అధికారాన్ని ప్రశ్నించి ఉద్యోగం పోగొట్టుకొన్న ఐర్లండు కవి, ఒక ఆసియా రాజ్యం మరొక ఆసియా జాతిని అణచడాన్ని ఏ గణితంలో చేర్చుకోవాలి? ఖండపు ఏకత్వమనే మాట ఏలికల నోట పడితే ఆక్రమణకు ముసుగవుతుంది. ఆ సిద్ధాంతానికి అసలు పరీక్ష ముందుకాలంలో రాబోతున్నది.

మదనపల్లె తరువాత అడయారులోని బ్రహ్మవిద్యాశ్రమంలోనూ కజిన్స్ పనిచేశాడు. 1924లో మైసూరు జగన్మోహన ప్యాలెసులో ఆధునిక భారతీయ చిత్రాల శాల ఏర్పడడానికి తోడ్పడ్డాడు. ఆ సంవత్సరమే మైసూరులో ఒక కన్నడ యువకుడు తాను ఆంగ్లంలో వ్రాసిన కవితలను ఆయనకు చూపించాడు. పొగడ్త ఆశించిన ఆ యువకునితో, నీ మాతృభాషలో ఏమి వ్రాశావని కజిన్స్ ప్రశ్నించి, కన్నడంలో వ్రాయమని సలహా ఇచ్చాడు. మొదట నొచ్చుకొన్నా ఆ యువకుడు సలహాను పాటించాడు. అతడే అనంతరకాలంలో 'శ్రీరామాయణ దర్శనం' రచించి, 1967లో జ్ఞానపీఠ పురస్కారం పొందిన కువెంపు. పరదేశాల కళలను పిల్లలకూ పెద్దలకూ పరిచయం చేయడంలో జీవితం గడిపిన వ్యక్తి, ఎదుటివానిని అతని స్వంత ఇంటికి త్రిప్పి పంపడం విరుద్ధంగా తోచవచ్చు. కాని కజిన్స్ దృష్టిలో ఆ రెండూ ఒకే పని. తన ఇంట్లో దీపం లేనివాడు పొరుగింటి దీపాన్ని చూచి అబ్బురపడగలడే గాని పోల్చి చూడలేడు.

1932లో మార్గరెట్ భారత స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొని కారాగారం పాలయింది. 1917లో స్థాపించబడిన భారత మహిళా సంఘానికీ, 1927లో ఆరంభమైన అఖిలభారత మహిళా సభకూ మూలస్తంభాలలో ఆమె ఒకతె. 1933లో కజిన్స్ మరల మదనపల్లె కళాశాల ప్రధానాచార్యుడై 1938 వరకు ఆ పదవిలో ఉన్నాడు. ఈ మధ్యకాలంలోనే తిరువాన్కూరు సంస్థానానికి కళాసలహాదారుగా, 1935లో తిరువనంతపురంలో చిత్రాలయం తెరవడానికి కారకుడయ్యాడు. భారతీయ చిత్రాలతోబాటు జపాన్, చైనా, టిబెట్, బాలి దేశాల కళాఖండాలకు కూడా అందులో చోటు కల్పించబడింది. ఓడ ఎక్కలేని పల్లెటూరి బాలుడు ఒక పూటలో ఆసియా అంతా తిరిగి రావడానికి వీలు కలిగింది. 1937లో ఆయన హిందూధర్మం స్వీకరించి జయరామ్ అనే పేరు గ్రహించాడు.

అంతలో పరీక్షాకాలం వచ్చింది. 1937లో జపాన్ చైనాపై యుద్ధానికి దిగింది. 1938లో యోనే నొగుచి ఆ యుద్ధాన్ని సమర్థిస్తూ రవీంద్రునికి లేఖ వ్రాయగా, రవీంద్రుడు తీవ్రంగా ఖండిస్తూ బదులిచ్చాడు. కజిన్స్ తోబాటు ఒకే విద్యాలయంలో బోధించిన కవి ఒకవైపు, మదనపల్లెలో ఆయన ఆతిథ్యం స్వీకరించిన కవి మరొకవైపు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్టణం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. దరుమ బొమ్మను చేసిన దేశమే తెలుగుతీరం మీద మంటలు కురిపించింది. ఆ రోజులలో జపాన్ పేరు వింటేనే కోస్తా పట్టణాల ప్రజలు మూటలు కట్టుకొని ఊళ్లు విడిచారు.  సైన్యం చేసిన పనికి చిత్రకారుని కుంచెను శిక్షించరాదు గదా!

1944లో మార్గరెట్ పక్షవాతానికి లోనయింది. చుట్టుముట్టిన అస్వస్థత నడుమనే భార్యాభర్తలు తమ ఆత్మకథను ఒక అధ్యాయం ఆమె, ఒక అధ్యాయం ఆయన చొప్పున కలిసి పూర్తిచేసి, 'వియ్ టూ టుగెదర్' అనే పేరుతో 1950లో ప్రచురించారు. జనగణమన గీతం జాతీయగీతమైన సంవత్సరమే అది. 1954 మార్చిలో మార్గరెట్ మరణించింది. రెండేండ్ల పిదప, 1956 ఫిబ్రవరి 20న, తాను నలభై ఏండ్ల క్రితం ఉద్యోగం కోల్పోయి చేరుకొన్న మదనపల్లెలోనే కజిన్స్ కన్నుమూశాడు.